వింత కథ రాయడం ఎలా: రాడ్ సెర్లింగ్ దగ్గర నేర్చుకుని మా లిఫ్ట్ మీద చేసి చూసిన పద్ధతి

నేను మియాపూర్ వైపు రెండేళ్ళు అద్దెకున్న ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పక్కన ఒక బోర్డు ఉండేది, "పనివాళ్ళు, డెలివరీ బాయ్స్ ఈ లిఫ్ట్ వాడరాదు" అని. వాళ్ళకి వెనకాల ఇంకో లిఫ్ట్ ఉంది, అది నెలలో సగం రోజులు పనిచేయదు. మా ఫ్లోర్‌లో నాలుగిళ్ళలో అంట్లు తోమే ఆవిడకి యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, అంతస్తుకి ఇరవై మెట్ల లెక్కన తొమ్మిదో అంతస్తు దాకా ఎక్కి వచ్చి, మా గుమ్మం పక్కన గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి, ఊపిరి కుదుటపడ్డాక అప్పుడు బెల్ కొట్టేది. ఒకరోజు నేను బయటికి వెళ్తూ సడెన్‌గా తలుపు తీస్తే ఆవిడ అలా నిలబడి కనపడింది, నన్ను చూసి తప్పు చేసినట్టు చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి తీసేయడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

దాని మీద షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ రాశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను, బోర్డు, మెట్లు, మోకాళ్ళు, చివర్లో ఆవిడ అందర్నీ నిలదీస్తూ ఒకటిన్నర పేజీ డైలాగ్. చదివిన వాళ్ళందరూ "మంచి మెసేజ్ బ్రో" అన్నారు, అని ఫోన్‌లోకి వెళ్ళిపోయారు. లొకేషన్ కోసం నాలుగు అపార్ట్‌మెంట్లు తిరిగితే కథ వినగానే అసోసియేషన్ వాళ్ళు మొహం మాడ్చుకుని "మా దగ్గర అలాంటివి లేవండీ" అని పంపించేశారు, అలా అంటున్నప్పుడు వాళ్ళ వెనకాల కూడా అలాంటి బోర్డే ఉంది.

ఆ టైమ్‌లోనే నేను అమెరికన్ టీవీ రచయిత రాడ్ సెర్లింగ్ పని చూడటం మొదలుపెట్టాను, చూసినవాటిని నోట్‌బుక్‌లో సీన్ సీన్‌గా విప్పి రాసుకున్నాను, అదే స్క్రిప్ట్‌ని ఆ పద్ధతిలో మళ్ళీ రాశాను. కృష్ణానగర్ రూముల్లోనో, అమీర్‌పేట హాస్టళ్ళలోనో కూర్చుని పదిహేను నిమిషాల ఫిల్మో, వెబ్ సిరీస్ ఎపిసోడో, ఆడియో కథో రాసుకుంటున్న వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఆయన ఎవరంటే, అమెరికాలో 1959 అక్టోబర్ 2న సీబీఎస్ అనే టీవీ ఛానల్‌లో ‘ట్వైలైట్ జోన్’ అని ఒక సిరీస్ మొదలైంది, దాన్ని పుట్టించింది ఆయనే. ప్రతివారం కొత్త కథ, కొత్త మనుషులు, అరగంటలో అయిపోవాలి, ఆంథాలజీ అంటారు కదా అది. బేతాళ కథలు విని పెరిగిన మనకి ఈ లెక్క కొత్తేం కాదు, చెట్టు అదే, శవం అదే, మోసే రాజూ ఆయనే, కథ మాత్రం ప్రతిసారీ వేరే, చివర్లో ఒక ప్రశ్న వేసి వదిలేస్తారు. 1964 దాకా ఐదు సీజన్లు, 156 ఎపిసోడ్లు వచ్చాయి, అందులో 92 ఆయన సొంతంగా రాసినవే. సూటు వేసుకుని తెర మీదకొచ్చి కథని పరిచయం చేసేది కూడా ఆయనే.

ముందు మీ లోపల మండుతున్నది ఏదో చూసుకోండి

వింత కథ అనగానే మనవాళ్ళు ముందు వింత కోసం వెతుకుతారు, టైమ్ మెషీన్ పెడదామా, దెయ్యం పెడదామా, ఏలియన్ పెడదామా అని. సెర్లింగ్ దగ్గర వింత చాలా తర్వాత వస్తుంది, ముందు గాయం ఉంటుంది. ఆయన 1924 డిసెంబర్ 25న సిరక్యూస్‌లో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోనే బింగమ్టన్ అనే ఊళ్ళో పెరిగాడు, హైస్కూల్ అవ్వగానే ఆర్మీలో చేరి పారాట్రూపర్‌గా ఫిలిప్పీన్స్ వెళ్ళాడు. అక్కడ ఆయన ఫ్రెండ్ ఒకతను అందర్నీ నవ్విస్తూ ఉండగా విమానంలోంచి సైనికుల కోసం పడేసిన తిండి పెట్టె వచ్చి మీద పడి ఆయన కళ్ళ ముందే చనిపోయాడు. శత్రువు తూటా కాదు, వాళ్ళ ఆకలి తీర్చడానికి వేసిన తిండే చంపింది. సెర్లింగ్‌కి కూడా గాయాలయ్యాయి, ఇంటికొచ్చాక ఏళ్ళ తరబడి పీడకలలు వచ్చేవి, లోపలున్నదాన్ని బయటికి తీయకపోతే బతకలేననే రాయడంలోకి వచ్చాడు. ఆయన కథల్లో కాపాడటానికి వచ్చినదే ముంచడం, కోరుకున్నదే చేతికొచ్చి నాశనం చేయడం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, దానికి మూలం ఆ పెట్టె దగ్గరే ఉందని నా నమ్మకం.

1960లో వచ్చిన ‘ద పర్పుల్ టెస్టమెంట్’ అనే ఎపిసోడ్ చూడండి. 1945 ఫిలిప్పీన్స్, ఒక లెఫ్టినెంట్‌కి తన సైనికుల్లో ఎవరు చావబోతున్నారో వాళ్ళ మొహం మీద ఒక వెలుగులా కనపడుతుంది. ఆ వెలుగు ఒక్కటే కల్పన, మిగతా అలసట, భయం, నిన్న పక్కన పడుకున్నవాడు ఇవాళ లేకపోవడం అంతా ఆయన కళ్ళారా చూసింది.

కాబట్టి ఒక వారం రోజులు కథ గురించి ఆలోచించకండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి రోజూ మీకు కడుపు మండిన విషయమో, గుండె పిండిన విషయమో ఒకటి రాయండి. టాపిక్ రాయొద్దు, చూసింది రాయండి. "పనివాళ్ళ పట్ల వివక్ష" అని రాసుకుంటే అది ఎస్సే అవుతుంది, "నన్ను చూసి గోడ మీంచి చెయ్యి తీసేసింది" అని రాసుకుంటే అందులో కథ ఉంది. హైదరాబాద్‌లో వెతుక్కునే పని లేదు. ఏప్రిల్‌లో బోరు ఎండిపోయి ట్యాంకర్ వస్తే పక్కింటివాళ్ళకి కనపడకుండా డ్రమ్ము మీద దుప్పటి కప్పే మనిషి ఉంటాడు, జాబ్ రాకపోయినా ఊళ్ళో అమ్మానాన్నలకి వచ్చిందని చెప్పి రోజూ పొద్దున్నే ఫార్మల్స్ వేసుకుని మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్ళి తిరిగొచ్చే కుర్రాడు ఉంటాడు, చెరువు అని తెలియకుండా ప్లాట్ కొనుక్కుని ప్రతి వానకీ సోఫాని ఇటుకల మీదకి ఎత్తే కుటుంబం ఉంటుంది. వారం అయ్యాక రాసినవన్నీ ఒక ఫ్రెండ్‌కి నోటితో చెప్పండి, దేని దగ్గర మీ గొంతు మారిందో వాళ్ళని అడగండి. అదే తీసుకోండి, మిగతావి పక్కన పెట్టేయండి.

ఒకే ఒక్క అబద్ధం

సెర్లింగ్ మొదట్లో నేరుగానే రాశాడు. 1955లో ‘ప్యాటర్న్స్’ అనే లైవ్ టీవీ నాటకంతో ఒక్క రాత్రిలో పేరొచ్చింది, అది ఎంత నచ్చిందంటే నెల తిరక్కుండానే మళ్ళీ లైవ్‌లో వేయించారు. తర్వాతి సంవత్సరం ‘రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్’. అంత పేరున్నా ఆయన స్క్రిప్టు మీద కత్తెర స్పాన్సర్ చేతిలోనే ఉండేది. అదే నాటకంలో "అగ్గిపుల్ల ఉందా" అనే డైలాగ్ తీయించేశారు, ఎందుకంటే స్పాన్సర్ లైటర్లు అమ్ముకునే కంపెనీ.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. 1955 ఆగస్టులో అమెరికా దక్షిణాదిలో ఉన్న మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి పిల్లాణ్ణి దారుణంగా చంపారు, చంపినవాళ్ళని తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ వదిలేసింది. సెర్లింగ్ ఆ కోపంతో ‘నూన్ ఆన్ డూమ్స్‌డే’ రాశాడు. అది 1956లో టీవీలో వచ్చేసరికి చనిపోయినవాడు ఎవరో పేరులేని పరదేశి అయిపోయాడు, ఊరు దక్షిణాది నుంచి అమెరికా ఉత్తరాదిలోని న్యూ ఇంగ్లండ్‌కి మారిపోయింది, ఆఖరికి సెట్ మీద కోకా కోలా సీసాలు కూడా తీసేశారు, అవి చూస్తే దక్షిణాది గుర్తొస్తుందట. 1958లో అదే విషయాన్ని ఇంకో నాటకంగా రాస్తే దాన్ని వందేళ్ళ వెనక్కి నెట్టి, చచ్చిపోయేవాణ్ణి మెక్సికన్ కుర్రాణ్ణి చేశారు. సెనేట్ మీద ఒక నాటకం రాస్తే సెనేటర్లు అప్పట్లో నడుస్తున్న ఏ విషయం గురించీ మాట్లాడకూడదన్నారు. దాని గురించే తర్వాత ఆయన అన్నాడు, ఆ కథని 2057లో పెట్టి సెనేట్ నిండా రోబోలని కూర్చోబెట్టి ఉంటే అనుకున్నవన్నీ చెప్పగలిగేవాణ్ణేమో అని.

ఆ మాటలోంచే ట్వైలైట్ జోన్ వచ్చింది. మనిషి చెప్పిస్తే ఉలిక్కిపడే విషయాన్ని మార్స్ నుంచి వచ్చినవాడితో చెప్పిస్తే ఎవరూ అడ్డుపడలేదు.

1960 మార్చిలో వచ్చిన ‘ద మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్’ ఈ పద్ధతికి నాకు తెలిసి అన్నిటికంటే మంచి ఉదాహరణ. ఒక మామూలు వీధి, పైన ఏదో మెరిసి వెళ్తుంది, కరెంటు పోతుంది, ఫోన్లు పనిచేయవు. ఒక పిల్లాడు నేను చదివిన కథల్లో గ్రహాంతరవాసులు ముందుగా మనుషుల్లాంటి ఒక కుటుంబాన్ని పంపిస్తారు అంటాడు. అంతే, ఆ మాట చాలు. ఒకాయన కారు దానంతట అదే స్టార్ట్ అవుతుంది, మీ కారే ఎందుకు స్టార్ట్ అయింది అని మొదలవుతుంది, మీరు రాత్రిళ్ళు ఆకాశం వైపు ఎందుకు చూస్తారు అని ఇంకొకరు, చివరికి పక్క వీధికి వెళ్ళి చూసి చీకట్లో తిరిగొస్తున్న సొంత పక్కింటాయన్నే కాల్చి చంపేస్తారు. ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ గుర్తు తెచ్చుకోండి, రాత్రి పదకొండుకి కరెంట్ పోయి అందరి ఇన్వర్టర్లూ ఆగిపోయి, 402లో మాత్రం లైటు వెలుగుతోంది అని ఎవరో ఫొటో పెట్టారు అనుకోండి. 402లో ఉండేది ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏం తింటారు, ఏ పండగ చేసుకుంటారు, ఎన్ని నిమిషాల్లో ఈ ప్రశ్నలు వస్తాయో మీకే తెలుసు. ఆ కథ ఎవరైనా రాయండి, నేను చూస్తాను.

నా లిఫ్ట్ కథకి నేను ఎంచుకున్న అబద్ధం, అంటే కథలో ఉండే ఒకే ఒక్క వింత, ఇది: ఒకరోజు పొద్దున ఆ ఫ్లాట్ల వాళ్ళ లిఫ్ట్ ఎవరెక్కినా కదలదు, పనిమనిషి యాదమ్మ లోపల నిలబడితేనే కదులుతుంది. అంతే. ఎందుకు అలా అయిందో కథలో ఎక్కడా చెప్పను. కంపెనీ మెకానిక్ వచ్చి చూస్తాడు, మెషీన్‌లో ఫాల్ట్ ఏమీ లేదంటాడు, బిల్లు మాత్రం రాస్తాడు. ఇంక చూడండి, కథ దానంతట అదే పరిగెత్తింది. పొద్దున ఎనిమిదికి స్కూల్ బస్సు, తొమ్మిదికి ఆఫీసు, పన్నెండంతస్తుల వాళ్ళందరికీ ఒక్క యాదమ్మ కావాలి. మొన్నటిదాకా పేరు తెలియనివాళ్ళు "యాదమ్మగారూ" అంటారు. లిఫ్ట్‌లో ఆవిడకి స్టూల్ వేస్తారు, ఫ్యాన్ పెడతారు, జీతం మాట్లాడతారు, అసోసియేషన్ మీటింగ్‌లో ఆవిడ నైట్ షిఫ్ట్ గురించి రెండు గంటలు వాదించుకుంటారు, ఆవిణ్ణి మాత్రం ఎవరూ అడగరు. పాత స్క్రిప్ట్‌లో ఒకటిన్నర పేజీ డైలాగ్‌తో చెప్పలేనిది ఆ స్టూల్ చెప్పేసింది.

దీనికి నేను పాటించేవి కొన్ని ఉన్నాయి. అబద్ధం ఒక్కటే ఉండాలి, రెండోది పెట్టగానే చూసేవాడు దేన్నీ నమ్మడు. మొదటి మూడు నాలుగు నిమిషాల్లోనే అది జరిగిపోవాలి. మిగతావన్నీ కరెంటు బిల్లంత నిజంగా ఉండాలి, లిఫ్ట్‌లో ఎన్ని కేజీలు పడతాయో, మెయింటెనెన్స్ ఎంత కడతారో, వాచ్‌మన్ ఎన్నింటికి టీకి వెళ్తాడో అన్నీ మీకు తెలియాలి. ఇంకోటి, అబద్ధానికీ మీ కోపానికీ బంధుత్వం ఉండాలి. నా కోపం లిఫ్ట్ దగ్గర పుట్టింది కాబట్టి వింత కూడా లిఫ్ట్‌లోనే జరగాలి, యాదమ్మకి మనసులో మాట వినపడే శక్తి వచ్చిందనో ఇంకోటనో రాస్తే అది వేరే ఎవరి కథకైనా అతుకుతుంది.

చేత్తో కాదు, నోటితో రాయండి

సెర్లింగ్ స్క్రిప్టులు చాలావరకు టైప్ చేయలేదు, డిక్టాఫోన్ అనే మాటలు రికార్డ్ చేసే మెషీన్‌లోకి చెప్పేవాడు, అన్ని పాత్రలూ తనే అయిపోయి మాట్లాడేవాడు, తర్వాత సెక్రటరీ టైప్ చేసేది. ఈ పద్ధతి ఇంగ్లీష్ కంటే తెలుగుకే ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం, ఎందుకంటే మనం కీబోర్డ్ ముందు కూర్చోగానే మనకి తెలియకుండానే స్కూల్ పుస్తకం భాషలోకి వెళ్ళిపోతాం. నా మొదటి డ్రాఫ్ట్‌లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పాత్ర రాత్రిపూట తల్లిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, యాదమ్మని పిలవాలి. నేను రాసింది: "యాదమ్మా, దయచేసి లిఫ్ట్‌లోకి రాగలవా, మా అమ్మగారి ఆరోగ్యం క్షీణించింది." ఏ మనిషీ ఇలా మాట్లాడడు, తల్లికి ఆయాసం వస్తున్నప్పుడు అసలే మాట్లాడడు.

ఒక ఆదివారం పొద్దున కేబీఆర్ పార్క్ చుట్టూ నడుస్తూ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఆ సీన్ ఇద్దరి గొంతుతో చెప్పుకుంటూ వెళ్ళాను. సెక్రటరీ మాట ఇలా వచ్చింది: "యాదమ్మా, ఒక్కసారి రామ్మా లోపలికి, ఊరికే నిలబడు చాలు, అమ్మకి ఊపిరి అందట్లేదు." దానికి యాదమ్మ ఏమంటుందో నేను ముందు అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది: "చెప్పులు ఇడిసి రావాల్నా సార్?"

నేను అక్కడే ఆగిపోయాను. ఆరేళ్ళుగా ఆ లిఫ్ట్‌లో కాలు పెట్టని మనిషి, ఎదురుగా ముసలావిడ ప్రాణం మీదకొస్తే, ముందు అడిగేది అదీ. కుర్చీలో కూర్చుని వంద డ్రాఫ్టులు రాసినా నాకు ఆ మాట తట్టేది కాదు.

చేసేటప్పుడు కథ మొత్తం ఒకేసారి చెప్పడానికి చూడకండి, ఒక సీన్ తీసుకుని మూడుసార్లు చెప్పండి. మొదటిసారి సమాచారం వస్తుంది, రెండోసారి కోపం వస్తుంది, మూడోసారి మనుషులు వస్తారు. వాయిస్ టైపింగ్‌తో తెలుగు కూడా బాగానే పడుతుంది గానీ యాసని అది సరిచేసేస్తుంది, "ఇడిసి"ని "విడిచి" చేసేస్తుంది, కాబట్టి ఆడియో దాచుకుని విని చేత్తో దిద్దుకోండి.

ఎపిసోడ్ మొదట్లో సెర్లింగ్ చెప్పే పరిచయం కూడా నోటితో పుట్టిందే, అందుకే అంత పట్టుగా ఉంటుంది. మనకి ఒగ్గు కథలోనూ బుర్రకథలోనూ కథకుడు ముందుకొచ్చి మనిషిని నిలబెట్టి చూపిస్తాడు కదా, అదే పని. పేరు, వయసు, బతుకు ఒక్క ముక్కలో, తర్వాత ఇవాళ ఏం మారబోతోందో చిన్న సూచన. నాది: "ఈమె యాదమ్మ. యాభై మూడేళ్ళు. ఆరేళ్ళుగా రోజూ పొద్దున 180 మెట్లు ఎక్కుతుంది. ఇవాళ లిఫ్ట్ ఆమె కోసం ఆగింది." నాలుగు వాక్యాలు. మీ కథని నాలుగు వాక్యాల్లో ఇలా నిలబెట్టలేకపోతే ఇంకా కథ దొరకలేదని అనుకుని మళ్ళీ నోట్స్‌కి వెళ్ళండి.

ట్విస్ట్ గురించి

అందరూ ట్వైలైట్ జోన్ అంటే ట్విస్టే అంటారు, నేనూ అలాగే అనుకున్నాను, ఎపిసోడ్లు విప్పి రాసుకున్నాక అభిప్రాయం మారింది. 1960 నాటి ‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’ తీసుకోండి. మొహం నిండా కట్లతో ఒక అమ్మాయి హాస్పిటల్ బెడ్ మీద ఉంటుంది, అందరిలా కనపడటానికి ఇది ఆఖరి చికిత్స, కట్లు విప్పుతారు, చూస్తే మన లెక్కలో అందగత్తె, చుట్టూ ఉన్న డాక్టర్లు నర్సుల మొహాలు మాత్రం పందుల్లా వంకర్లు తిరిగి ఉంటాయి. ఇది చివరి నిమిషంలో తగిలించిన ట్విస్ట్ కాదు, మొదటి షాట్ నుంచి డాక్టర్ల మొహం మీద వెలుతురు పడకుండా, వెనక నుంచీ నీడలోంచీ తీశారు, కథంతా ఆ దాచడం మీదే కట్టారు. రెండోసారి చూస్తే ఇంకా బాగుంటుంది. మీ ట్విస్ట్‌కి కూడా ఇదే పరీక్ష పెట్టండి, చివర తెలిసినవాడు మళ్ళీ మొదటి నుంచి చూస్తాడా?

1959లో వచ్చిన ‘టైమ్ ఎనఫ్ ఎట్ లాస్ట్’ చాలామందికి ప్రాణం. పుస్తకాల పిచ్చి ఉన్న బ్యాంకు గుమాస్తా, ఇంట్లో భార్య చదవనివ్వదు, ఆఫీసులో మేనేజర్ చదవనివ్వడు, బాంబు పడి లోకమంతా పోయి ఆయనొక్కడే మిగులుతాడు, లైబ్రరీ నిండా పుస్తకాలు, కావాల్సినంత టైమ్, అప్పుడు కళ్ళజోడు పగిలిపోతుంది. రాసే పని పరంగా చూస్తే ఆ కళ్ళజోడు మొదటి సీన్ నుంచి ఉంది, అది లేకపోతే ఆయన గుడ్డివాడితో సమానం అని మనకి ముందే తెలుసు, అందుకే అది పగిలితే మన కడుపులో ఏదో పగులుతుంది. కానీ నాకు ఆ ముగింపు మీద ఒక బాధ ఉంది, ఆ మనిషి ఎవరికీ ఏ అన్యాయమూ చేయలేదు, చదువుకుంటానన్నాడు అంతే. కథ రాసేవాడి చేతిలో ఉన్న శిక్ష ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి అని దాన్ని చూసినప్పుడల్లా అనిపిస్తుంది. ఇంకో విషయం, ఆ కథ మూలం సెర్లింగ్‌ది కాదు, లిన్ వెనబుల్ అనే రచయిత్రి కథ, హక్కులు కొని పేరు వేసి వాడుకున్నాడు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికలు కొనుక్కుని అందులో కథలు మార్చి రాసుకునేవాళ్ళు దయచేసి ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ఆ రచయితో వాళ్ళ పిల్లలో ఎక్కడో ఒకచోట ఉంటారు, వెతికి అడగండి.

నా ముగింపు మూడుసార్లు మారింది. మొదటిది, యాదమ్మ అసలు మనిషి కాదు ఎల్లమ్మ తల్లి అని, బోనాల డప్పులతో. రాస్తున్నప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది, వారం తర్వాత చదివితే తప్పు తెలిసింది, ఆవిడ దేవత అయితేనే గౌరవం ఇవ్వాలన్నమాట, మామూలు మోకాళ్ళ నొప్పుల మనిషికి అక్కర్లేదన్నమాట, నేను చెప్పాలనుకున్నదానికి సరిగ్గా ఉల్టా. రెండోది, యాదమ్మ వెళ్ళిపోతే లిఫ్ట్ తెగి అందరూ పడిపోవడం. అది నా కసి, కథ కాదు. పైగా లిఫ్ట్‌లో స్కూల్ పిల్లలు కూడా ఉంటారు.

మూడోది ఆ బిల్డింగ్ మనుషుల్లోంచే వచ్చింది. ఇరవయ్యో రోజు లిఫ్ట్ దానంతట అదే బాగవుతుంది, ఎవరెక్కినా కదులుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. సెక్రటరీ, ఎవరి తల్లినైతే యాదమ్మ అర్ధరాత్రి కిందకి దించిందో ఆయనే, స్టోర్ రూమ్‌లోంచి బోర్డు తెచ్చి, దుమ్ము తుడిచి, స్క్రూడ్రైవర్‌తో నాలుగు స్క్రూలూ బిగిస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు, తల్లికి ఎలా ఉందని యాదమ్మ అడిగితే నవ్వుతూ జవాబు చెప్తాడు కూడా, చెప్తూనే నాలుగో స్క్రూ తిప్పుతాడు. యాదమ్మ మెట్ల వైపు వెళ్తుంది. వెనకాల లిఫ్ట్ తలుపు ఎవరూ నొక్కకుండానే తెరుచుకుని, కాసేపు అలాగే ఉండి, మూసుకుంటుంది. ఆవిడ చూడదు.

నిలదీసే డైలాగ్ మొత్తం పోయింది. సెర్లింగ్‌కి కూడా ఈ జబ్బు ఉంది, నాకెంత ఇష్టమైనా చెప్పాలి, కొన్ని ఎపిసోడ్లలో పాత్రలు కథ ఆపేసి ఉపన్యాసం ఇస్తాయి. ఆయన వేగం చూస్తే అర్థమవుతుంది, వారం వారం ఎపిసోడ్ పడాలి, సగానికి పైగా తనే రాయాలి. రిచర్డ్ మాథెసన్, చార్ల్స్ బోమంట్ లాంటి రచయితలు కలిశారు కాబట్టి సిరీస్ అంతకాలం నిలబడింది. మీరు సిరీస్ రాస్తుంటే ఒక్కరే మోయకండి.

కొలత, ఖర్చు, కాగితాలు

నాలుగో సీజన్‌లో ఛానల్ వాళ్ళు ఎపిసోడ్‌ని గంట చేశారు, 18 ఎపిసోడ్లు అలా వచ్చాయి, చూస్తే చాలావాటిలో సాగదీత తెలిసిపోతుంది, ఐదో సీజన్‌లో మళ్ళీ అరగంటకి వచ్చేశారు. ఒక్క అబద్ధం మీద నిలబడే కథకి పొడవు పనికిరాదు. నాది 22 నిమిషాల నుంచి 14కి తెచ్చాను, మీటింగ్ సీన్‌లో వాదన సగం తీసేస్తే సరిపోయింది.

ఖర్చు విషయం తొందరగా చెప్పేస్తాను. వాళ్ళకీ డబ్బు కటకట ఉండేది, రెండో సీజన్‌లో ఆరు ఎపిసోడ్లు ఫిల్మ్ కాకుండా వీడియో టేప్ మీద తీశారు ఖర్చు తగ్గించడానికి. మొట్టమొదటి ఎపిసోడ్ చూడండి, ఖాళీ ఊళ్ళో ఒక్కడే మనిషి. మీరు రాసేటప్పుడే ఒక గది, ఒక కారిడార్, నలుగురు మనుషులు అని గీత గీసుకోండి. మేము నిజాంపేటలో ఒక ఫ్రెండ్ బిల్డింగ్‌లో రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఐదు దాకా రెండు రాత్రులు తీశాం. ఈసారి పర్మిషన్ ఇచ్చారు, "దెయ్యం లిఫ్ట్ కథా, భలే ఉందే" అని అసోసియేషన్ ప్రెసిడెంటే టీ పంపించాడు. స్పాన్సర్లు సెర్లింగ్‌కి అడ్డుపడకుండా ఎలా వదిలేశారో నాకు ఆ టీ తాగుతుంటే అర్థమైంది.

సెర్లింగ్‌కి పేరు రాకముందు వరసగా 40 స్క్రిప్టులు తిరిగొచ్చాయి, పగలు రేడియోలో ఉద్యోగం, రాత్రిళ్ళు సొంత రాత. అది తట్టుకున్నాడు. ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది చివర్లో జరిగింది, 1970లో మొదలైన ‘నైట్ గ్యాలరీ’లో మొహం ఆయనది, పరిచయం ఆయనది, కానీ ఏ కథ తీయాలి ఎలా తీయాలి అనే అధికారం ఆయన చేతిలో లేదు, తను రాసినవి కూడా పక్కన పెట్టేసేవారు. 1975 జూన్ 28న గుండె ఆపరేషన్ తర్వాత చనిపోయాడు, యాభై ఏళ్ళే. అందుకని కథ ఎవరికైనా నెరేట్ చేసేముందు ఫిల్మ్ స్క్రిప్ట్ అయితే రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకోండి, నెరేట్ చేసిన రోజే వాళ్ళకి ఒక మెయిల్ పెట్టండి, "ఇవాళ మీకు చెప్పిన కథ సారాంశం ఇది" అని. అగ్రిమెంట్ వస్తే డబ్బు లైన్ కంటే ముందు మార్పులు ఎవరు చేయొచ్చు అనే లైన్ ఎక్కడుందో వెతకండి. నా దగ్గర ఒక ప్రొడక్షన్ వాళ్ళు ఈ కథని అడిగారు, ఒకే ఒక్క మార్పు చెప్పారు, చివర్లో సెక్రటరీ బోర్డు విరగ్గొట్టి యాదమ్మ కాళ్ళ మీద పడాలట. ఆ లైన్ ముందే రాయించుకున్నాను కాబట్టి వద్దని చెప్పగలిగాను. నాలుగు స్క్రూలూ అలాగే ఉన్నాయి.